డంకిన్ ఊళ్లో కాఫీ: బోస్టన్ వైపు కొత్తగా వచ్చే తెలుగువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టులో ఒక బ్యాచ్ దిగుతుంది, జనవరిలో ఇంకో బ్యాచ్. రూములు, సిమ్ కార్డులు, బ్యాంకు ఖాతాల సంగతి తేలాక తప్పకుండా కాఫీ దగ్గరికే వస్తారు. పన్నెండేళ్లుగా అవే సందేహాలకు వాయిస్ మెసేజ్‌లు పెట్టీ పెట్టీ విసుగొచ్చి ఇలా రాసిపెట్టాను. అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు ఉంచాను. మీకు కావలసినది వెతుక్కుని చదువుకోండి.

## ఫ్లైట్ ఎక్కకముందు

అక్కా, బోస్టన్‌లో ఎవర్ని అడిగినా డంకిన్ డంకిన్ అంటున్నారు. అక్కడ స్టార్‌బక్స్ లేదా?

ఎందుకు లేదు, బోలెడన్ని ఉన్నాయి. కాకపోతే డంకిన్ అనే ఈ కాఫీ, డోనట్ల చెయిన్ ఈ ఊరి బిడ్డ. విలియం రోజెన్‌బర్గ్ అనే ఆయన ఫ్యాక్టరీల దగ్గరికి బండ్లలో తిండి, కాఫీ పంపే వ్యాపారం చేసేవాడు. అమ్మకాల్లో 40 శాతం కాఫీ, డోనట్లే అని లెక్క తేలేసరికి 1948లో బోస్టన్ పక్కనున్న క్విన్సీలో ఓపెన్ కెటిల్ అని దుకాణం తెరిచాడు. డోనట్ 5 సెంట్లు, కాఫీ 10 సెంట్లు. 1950లో దాని పేరు డంకిన్ డోనట్స్ అయింది. 1955లో మొదటి ఫ్రాంచైజీ వచ్చింది. క్విన్సీలో సదరన్ ఆర్టరీ రోడ్డు మీద ఆ మొదటి దుకాణం ఇప్పటికీ నడుస్తోంది. అన్నట్టు ఆ ఊరిని ఇక్కడివాళ్లు 'క్విన్‌జీ' అంటారు. మీరు 'క్విన్సీ' అన్నారంటే కొత్తవాళ్లని తెలిసిపోతుంది.

అంటే ఇది షిఫ్టుకి పరుగెత్తే మనిషి చేతిలో పెట్టడానికి పుట్టిన కాఫీ. మన బస్టాండు దగ్గర టీ కొట్టు లాంటిది. ఆ కొట్టు దగ్గర తేయాకు ఏ తోటదని ఎవరూ అడగరు. వేడిగా ఉందా, తియ్యగా ఉందా, బస్సు కదిలేలోపు చేతికొచ్చిందా, అంతే. స్టార్‌బక్స్ 1971లో సియాటిల్‌లో పుట్టింది. 1994లో బోస్టన్ వాళ్ల కాఫీ కనెక్షన్ అనే చెయిన్‌ని కొనేసింది. ఫ్రాపుచినో అనే చల్లటి కాఫీ డ్రింకు పేరు ఆ కొనుగోలుతోనే దానికి దక్కింది. పాత బోస్టన్ వాళ్ల దగ్గర ఈ మాట ఎత్తితే ఒక పావుగంట పోతుంది మరి.

డంకిన్, డంకిన్ డోనట్స్ వేరువేరా?

ఒకటే. పేరులోంచి డోనట్స్ తీసేస్తున్నట్టు 2018 సెప్టెంబరులో చెప్పారు, 2019 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. డోనట్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఇక్కడివాళ్లు డంక్స్ అంటారు, డంకీస్ అంటారు.

అక్కడి కాఫీ మన ఇంటి కాఫీలా ఉంటుందా? ఫిల్టర్ తెచ్చుకోమంటారా?

తెచ్చుకోండి. స్టీలు ఫిల్టరు ఒకటి, చికోరీ కలిపిన పొడి అరకిలో. ఇండియన్ స్టోర్లలో పొడి దొరుకుతుంది గానీ వచ్చిన మొదటి వారం ఆ స్టోరుకి వెళ్లడానికి మీకు కారుండదు.

ఇక తేడా ఎక్కడొస్తుందో చూడండి. మనం పొడి మీద వేడినీళ్లు పోసి, చుక్కచుక్కగా దిగిన చిక్కటి డికాషన్‌ని కాగిన పాలల్లో కలుపుతాం. కప్పులో ఎక్కువ భాగం పాలే. ఇక్కడిది డ్రిప్ కాఫీ. పొడి కొంచెం గరుకు, నీళ్లు ఎక్కువ, నిమిషాల్లో దిగిపోతుంది. చికోరీ ఉండదు, డంకిన్ వాడేది మొత్తం అరబికా గింజే. దానిమీద ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి క్రీమ్ పోస్తారు. పాలు కాచిన వాసన రాదు, పైన నురగ ఉండదు. మొదటి గుక్కలో నాలుక మన కాఫీ కోసం వెతుక్కుంటుంది. ఇది వేరే పానీయం అనుకుని తాగితే రెండో వారానికి బాగానే ఉంటుంది. మన కాఫీయే అనుకుని తాగితే రెండేళ్లకూ నచ్చదు.

## కౌంటర్ దగ్గర

"రెగ్యులర్" అంటే మామూలు కాఫీ అనుకున్నా. క్రీమూ పంచదారా గుమ్మరించి ఇచ్చారు. తప్పు నాదా, వాళ్లదా?

ఎవరిదీ కాదు. ఈ మాటలోనే ఉంది తిరకాసంతా. న్యూ ఇంగ్లండ్‌లో, అంటే మసాచుసెట్స్, దాని చుట్టుపక్కల రాష్ట్రాల్లో, 'రెగ్యులర్' అంటే క్రీమ్, చక్కెర వేసిన కాఫీ. ఎంత వేయాలో కూడా అందులోనే ఉంది. స్మాల్ అయితే 2 క్రీమ్, 2 షుగర్. మీడియం అయితే 3, 3. లార్జ్ అయితే 4, 4.

నేను దిగిన మొదటి వారం ఒక కౌంటర్ దగ్గర "హాట్ ఆర్ ఐస్‌డ్?" అన్నారు, హాట్ అన్నాను. "హౌ డూ యూ వాంట్ ఇట్?" అన్నారు. ఎలా ఇస్తే అలా తీసుకుందామని, పెద్దగా తెలిసినదానిలా 'రెగ్యులర్' అన్నాను. అమ్మాయి ఇంకో మాట అడగకుండా వెనక్కి తిరిగి, మెషిన్ మీట మూడుసార్లు నొక్కి, మూడు కొలతల పంచదార పోసి చేతిలో పెట్టింది. మూత తీస్తే మా తెనాలి కల్యాణమండపంలో పెళ్లికొడుకు వాళ్లకిచ్చే కాఫీ రంగు. ఆరోజు సగమే తాగాను. ఇప్పుడు నా ఆర్డరు స్మాల్ రెగ్యులర్, అందులో ఒక షుగర్ తక్కువ.

క్రీమ్, చక్కెర వద్దనుకుంటే 'బ్లాక్' అని చెప్పాలి. ఏమీ వద్దు అని చెప్పినా అర్థం చేసుకుంటారు. 'నార్మల్' అని మాత్రం అనకండి. దాన్నీ రెగ్యులర్ కింద తీసుకునే ప్రమాదం ఉంది.

క్రీమ్ అంటే మీగడా? నాకు పాలు కావాలంటే ఏమనాలి?

మీగడకి పాలకి మధ్యలో ఉంటుంది, లైట్ క్రీమ్ అంటారు. పాల కన్నా చాలా చిక్కన. మూడు క్రీములంటే ఒంటికి తెలుస్తుంది. పాలు కావాలంటే 'మిల్క్' అంటే సరిపోదు, ఏ పాలో చెప్పాలి: హోల్ మిల్క్ (మన గేదెపాలు కాదు, ప్యాకెట్ ఆవుపాలనుకోండి), స్కిమ్ మిల్క్ (వెన్న తీసినవి). బాదం పాలు, ఓట్ పాలు కూడా ఉంటాయి. వాటికి అదనంగా వసూలు చేయడం 2025 మార్చి 5 నుంచి మానేశారు.

వెనక క్యూ చూస్తే కంగారొచ్చి అన్నీ మర్చిపోతున్నా. ఎలా చెప్పాలి?

వరస ముఖ్యం. ముందు సైజు, తర్వాత వేడిదా చల్లదా, తర్వాత అందులో ఏం వేయాలో. "మీడియం హాట్, టూ క్రీమ్, వన్ షుగర్." అంతే, ఒక్క ఊపిరిలో అయిపోవాలి. "కెన్ ఐ ప్లీజ్ గెట్..." అని మొదలుపెడితే మీ వెనకున్న పెయింట్ మరకల బూట్లాయన బూటు నేలకేసి కొట్టడం వినిపిస్తుంది. ఇక్కడ మర్యాదంటే తొందరగా చెప్పి పక్కకి జరగడమే. చివర్లో థాంక్స్ చెప్పండి, చాలు.

సైజులు మరీ పెద్దగా ఉన్నాయేంటి?

వేడి కాఫీ స్మాల్ 10 ఔన్సులు, మీడియం 14, లార్జ్ 20. ఔన్సంటే సుమారు 30 మిల్లీలీటర్లు కాబట్టి వాళ్ల 'చిన్నది' 300 మిల్లీలీటర్లు. మన హోటల్లో ఇచ్చే గ్లాసుకి రెండింతల పైమాటే. ఐస్‌డ్ అయితే ఇంకా పెద్దవి: 16, 24, 32 ఔన్సులు. 32 ఔన్సులంటే దాదాపు లీటరు. అందులో ఐసే ఎక్కువనుకోండి, అయినా ఆ కప్పు పట్టుకోవడానికి రెండు చేతులు కావాలి.

ఫ్లేవర్ షాట్, ఫ్లేవర్ స్వర్ల్ రెండూ ఒకటేనా?

కాదు, ఇది తెలియక చాలామంది చక్కెర పానకం తాగుతున్నారు. షాట్‌లో వాసనే ఉంటుంది, తీపి ఉండదు. స్వర్ల్ చిక్కటి తియ్యటి సిరప్. మోకా తప్ప కారమెల్, హేజల్‌నట్ లాంటి స్వర్ల్‌లలో తీపి కలిపిన కండెన్స్‌డ్ మిల్క్ ఉంటుంది. అంటే మనం పాయసంలో వేసే డబ్బా పాలే. స్వర్ల్ చెప్పాక మళ్లీ షుగర్ చెప్పనక్కర్లేదు. పాలు పడనివాళ్లు బాదం పాలు చెప్పి, దాంట్లో కారమెల్ స్వర్ల్ వేయించుకుంటే చేసిన జాగ్రత్తంతా గంగపాలు.

సరే, మన కాఫీకి కాస్త దగ్గరగా ఉండేది ఏది?

స్మాల్ హాట్ లాటే, హోల్ మిల్క్‌తో, ఒక ఎస్ప్రెసో షాట్ (చిక్కటి కాఫీ) ఎక్కువ, రెండు షుగర్లు. ఇందులో పాలు ఆవిరితో వేడి చేస్తారు కాబట్టి కాచిన పాల రుచి కొంచెం తగులుతుంది. మామూలు కాఫీయే కావాలి కానీ ఘాటుగా ఉండాలంటే 'టర్బో షాట్' వేయమనండి, కాఫీలో ఎస్ప్రెసో కలుపుతారు. మా ఆయన అదే తాగుతాడు. రాత్రి రెండింటిదాకా నిద్రపట్టదు, అది వేరే కథ.

నా పేరు పిలిచినా నాకే అర్థం కావట్లేదు. ఏ పేరు ఇవ్వాలి?

యాప్‌లో ప్రొఫైల్ పేరేదో స్టిక్కరు మీద అదే పడుతుంది. పాస్‌పోర్టులో ఉన్నట్టు 'వెంకట నాగ సాయి' అని పెడితే అరల మీద ముగ్గురు వెంకట్‌ల కప్పులు ఒకేచోట ఉంటాయి, మనవాళ్లు చదివే కాలేజీల ఏరియాల్లో మరీను. ఎవరో ఒకరు మీ లాటే ఎత్తుకుపోతారు. యాప్‌లో పిలుపు పేరు మార్చుకోండి. చిన్ను, బుజ్జి, పండు ఏదైనా ఫర్వాలేదు. పండు అనే పేరుని ఇక్కడివాళ్లు భలే ముద్దుగా పిలుస్తారు.

వెజిటేరియన్‌కి తినడానికేమైనా ఉందా?

హ్యాష్ బ్రౌన్స్ ఉన్నాయి, బంగాళాదుంప బిళ్లలు. బేగెల్ (మధ్యలో చిల్లున్న గుండ్రటి రొట్టె), క్రీమ్ చీజ్ ఉన్నాయి. అవకాడో టోస్ట్ ఉంది. డోనట్లలో గుడ్డు పడనివాళ్లు కంపెనీ పెట్టిన అలర్జెన్ పట్టిక చూసుకోండి. మాంసం వేడిచేసిన ఓవెన్ అంటేనే ఇబ్బంది అనుకునేవాళ్లు వేడిచేయొద్దని చెప్పి తీసుకోవచ్చు. ఆఫీసుకి పట్టుకెళ్లడానికైతే మంచ్‌కిన్స్ డబ్బా. 1972 నుంచి అమ్ముతున్నారు, మన పునుగుల సైజులో తియ్యటి ఉండలు. మీటింగ్‌లో డబ్బా తెరిస్తే మీ పేరు అందరికీ గుర్తుంటుంది.

## కాస్త అలవాటయ్యాక

బయట మైనస్ 10 ఉంది, వీళ్లు ఐస్‌డ్ కాఫీ తాగుతున్నారు. పిచ్చా?

నేనూ అలాగే అన్నాను, ఇప్పుడు నేనూ తాగుతున్నాను. న్యూ ఇంగ్లండ్‌లో ఐస్‌డ్ కాఫీకి కాలంతో పని లేదు. మంచు తవ్వే పారతో కారు చుట్టూ దారి చేసుకుంటూ, బానెట్ మీద ఐస్‌డ్ మీడియం పెట్టుకుని తాగేవాళ్లని ఫిబ్రవరిలో చూస్తారు. కారణాలు అడిగితే ఒక్కొక్కరూ ఒకటి చెబుతారు. కారులో తొణికినా కాలదంటారు. గంటసేపు మెల్లగా తాగొచ్చంటారు. ఆఫీసుల్లో హీటర్ ఎలాగూ మండిపోతుంటుందంటారు. చివరి కారణం నాకు నచ్చింది.

ఒకప్పుడు చేతికి చల్లదనం తగలకుండా ఐస్‌డ్ కప్పుని తీసుకెళ్లి థర్మాకోల్ కప్పులో పెట్టించుకునేవాళ్లు. కప్పులో కప్పు. పాతకాపులకి అదొక ఠీవి. 2020లో కంపెనీ థర్మాకోల్ కప్పులు పూర్తిగా తీసేసింది. పర్యావరణానికి మంచిదే, కానీ మా వీధిలో ప్లంబింగ్ చేసే పెద్దాయన ఇంకా బాధపడతాడు.

ఒక చిట్కా: ఐస్‌డ్‌లో మామూలు పంచదార అడుగున పేరుకుని చివరి గుక్కలో ఇసుకలా తగులుతుంది. లిక్విడ్ షుగర్ వేయమనండి.

ఒక కాఫీ కంపెనీ మీద ఊరంతా ఇంత ప్రేమేంటి? కాఫీ అంత గొప్పగా లేదు కదా?

లేదు. ఆ మాట ఇక్కడివాళ్లే ఒప్పుకుంటారు, మీరంటే మాత్రం ఒప్పుకోరు.

2013లో మారథాన్ దగ్గర బాంబులు పేలాక, ఏప్రిల్ 19న నిందితుడి కోసం వెతుకుతూ బోస్టన్, వాటర్‌టౌన్ అన్నీ మూసేశారు. జనాన్ని ఇళ్లలోంచి కదలొద్దన్నారు. ఆరోజు కూడా పోలీసుల కోసం కొన్ని డంకిన్‌లు తెరిచి ఉంచారు, పోలీసులే అడిగారు. అదీ ఈ ఊళ్లో దాని స్థానం. నైట్ డ్యూటీ దిగిన నర్సు, రోడ్లు వేసేవాళ్లు, హాకీ ప్రాక్టీసుకి పిల్లల్ని తెల్లారకుండా దింపే తండ్రులు, అందరికీ ఆ వేళకి తెరిచి ఉండేది అదే. కేంబ్రిడ్జ్‌లో పెరిగిన నటుడు బెన్ ఆఫ్లెక్ 2023 సూపర్ బౌల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్) ప్రకటన కోసం మెడ్‌ఫర్డ్‌లోని డంకిన్ డ్రైవ్ త్రూ కిటికీలో నిలబడి కాఫీలు అందించాడు. ఊరు ఊరంతా మురిసిపోయింది.

నా లెక్కయితే, విశ్వాసం కాఫీ మీద కాదు, 'నా ఆర్డరు' అనే మాట మీద. మీకు రోజూ ఇచ్చే మనిషి మీ మొహం చూసి "సేమ్?" అంటుంది చూడండి, దానికోసం జనం పక్క వీధిలో మంచి కాఫీ ఉన్నా ఇక్కడికే వస్తారు. నాకు ఆ "సేమ్?" రావడానికి ఏడు నెలలు పట్టింది. ఆరోజు ఇంటికి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకి ఏమీ అర్థం కాలేదు.

మా కజిన్ టొరంటోలో 'డబుల్ డబుల్' అంటాడు. అది ఇక్కడ చెల్లుతుందా?

అది టిమ్ హార్టన్స్ భాష. రెండు క్రీమ్, రెండు షుగర్ అని అర్థం. హాకీ ఆటగాడు టిమ్ హార్టన్ పేరుతో 1964లో హామిల్టన్‌లో మొదలైన చెయిన్ అది. కెనడాలో ఆ మాట ఎంత పాతుకుందంటే 2004లో అక్కడి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకి ఎక్కింది. ఇక్కడ అన్నా అర్థం చేసుకుంటారు గానీ 'కెనడానా?' అని ఒక చూపు చూస్తారు. టిమ్ హార్టన్స్ న్యూ ఇంగ్లండ్‌లోకి వచ్చి డంకిన్‌తో తలపడింది. 2010లో ఇక్కడ 36 దుకాణాలు మూసేసింది.

రోజుకి ఎన్ని తాగొచ్చు?

మీడియం వేడి కాఫీలో సుమారు 210 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకి 400 దాటొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మాట. కాబట్టి రెండు మీడియంలకే హద్దు దాటినట్టు. గర్భిణులు, బీపీ ఉన్నవాళ్లు డాక్టర్ని అడగండి.

## యాప్, పాయింట్లు, డబ్బు

యాప్ వేసుకుంటే నిజంగా లాభమా?

వారానికి మూడుసార్లకి మించి వెళ్తుంటే వేసుకోండి, లేకపోతే ఫోనులో నోటిఫికేషన్ల గోల తప్ప ఏం లేదు.

లెక్క చూడండి. 2014లో మొదలైన పాత పథకంలో డాలరుకి 5 పాయింట్లు, 200 పాయింట్లకి ఏ సైజు, ఏ డ్రింకైనా ఉచితం. అంటే 40 డాలర్లు ఖర్చుపెడితే లాటే కూడా వచ్చేది. 2022 అక్టోబరులో పథకం మార్చారు. డాలరుకి 10 పాయింట్లు ఇస్తామన్నారు. వినడానికి రెట్టింపు. కానీ మామూలు కాఫీకే 500 పాయింట్లు, లాటే లాంటివాటికి 900 అన్నారు. అంటే మామూలు కాఫీకి 50 డాలర్లు, లాటేకి 90. పుట్టినరోజుకిచ్చే ఉచిత డ్రింకూ తీసేశారు. జనం మండిపడ్డారు, వార్తల్లోకెక్కింది. అయినా పొద్దున్నే క్యూ ఒక్క మనిషి కూడా తగ్గలేదు. అందుకే పాయింట్లకీ విశ్వాసానికీ సంబంధం లేదంటాను. ఈ అంకెలు కంపెనీ మారుస్తూ ఉంటుంది కాబట్టి ఇవాళ్టి లెక్క యాప్‌లోనే చూసుకోండి. పాయింట్లకి గడువుంటుందనీ గుర్తుపెట్టుకోండి.

బోర్డు మీద ఒక ధర, బిల్లులో ఇంకో ధర. మోసమా?

పన్ను. మసాచుసెట్స్‌లో తయారుచేసిచ్చే తిండి, డ్రింకుల మీద 6.25 శాతం, చాలా ఊళ్లలో స్థానికంగా ఇంకో 0.75 శాతం, మొత్తం 7. ఒక దుకాణంలో ఉన్న ధర ఇంకో దుకాణంలో లేకపోతే కంగారుపడకండి. ఇవి ఫ్రాంచైజీలు, ఓనర్లు వేరు.

టిప్ ఇవ్వాలా?

తప్పనిసరి కాదు. చిల్లర డబ్బాలో వేసినా చాలు. మంచు పడే రోజున ఒక డాలరు వేయండి, వాళ్లు తెల్లవారుజామున నాలుగింటికి లేచి వచ్చారు.

ఎఫ్‌1 వీసా మీద డంకిన్‌లో పార్ట్‌టైమ్ చేయొచ్చా? మా సీనియర్ చేస్తున్నాడు.

సీనియర్ చేస్తున్నాడని దిగకండి. బయట దుకాణంలో అనుమతి లేకుండా పనిచేస్తే, చేతికి నగదు ఇచ్చినా, విద్యార్థి వీసా స్టేటస్ పోతుంది. క్యాంపస్ లోపల విద్యార్థుల కోసం నడిచే దుకాణమైతే క్యాంపస్ ఉద్యోగం కింద వచ్చే వీలుంది. తరగతులు జరిగేటప్పుడు వారానికి 20 గంటలు మించకూడదు. అది ఏ కోవలోకి వస్తుందో మీ యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తెచ్చుకున్నాకే చేరండి.

## ఊరు మారేటప్పుడు

డాలస్‌లో జాబ్ వచ్చింది. అక్కడ డంకిన్ ఉంటుందా?

ఉంటుంది, కానీ మన 'రెగ్యులర్' అక్కడ చెల్లుతుందనుకోకండి. బోర్డు అదే, గులాబీ నారింజ రంగులు అవే, మాట మాత్రం వేరు. విడమరచి చెప్పండి: ఇన్ని క్రీములు, ఇన్ని షుగర్లు. దూరం దాకా ఎందుకు, న్యూయార్క్‌లోనే రెగ్యులర్ అంటే పాలు, చక్కెర. పక్కనున్న రోడ్ ఐలండ్‌కి వెళ్తే ఇంకో వింత. అక్కడ చల్లటి పాలల్లో కాఫీ సిరప్ కలుపుకుని తాగుతారు, కాఫీ మిల్క్ అంటారు. 1993లో దాన్ని రాష్ట్ర అధికారిక పానీయం చేశారు. మన పిల్లలకి పాలల్లో కాస్త కాఫీ కలిపిచ్చినట్టు ఉంటుంది. ఒకసారి తాగి చూడండి.

ఇండియా వెళ్తున్నా. ఇంట్లోవాళ్లకి డంకిన్ కాఫీ పొడి తీసుకెళ్లనా?

ఆ తప్పు నేను చేశాను. పొడి డ్రిప్ మెషిన్ కోసం కాస్త గరుకుగా ఆడించి ఉంటుంది. మన స్టీలు ఫిల్టర్లో వేస్తే నీళ్లు నిలవవు, గబగబా దిగిపోయి డికాషన్ తేనీరులా వస్తుంది. అమ్మ పాలు కాచి, అందులో కలిపి, రెండు గుటకలు తాగి, "పొడి పాతబడిపోయినట్టుందే, ఎక్కడ కొన్నావు?" అంది. తర్వాతి ట్రిప్పుకి పొడి మానేసి ఒక నారింజ రంగు ఇన్సులేటెడ్ కప్పు తీసుకెళ్లాను. ఇప్పుడది బియ్యం డబ్బాలో ఉంది, ఇద్దరికి సరిగ్గా ఒక కప్పు కొలత.